పీహెచ్‌డీకి అమెరికా ఆఫర్: ఆయన్నీ రెండేళ్ల పాపనీ వెంట తీసుకెళ్లాలా, తర్వాత రప్పించుకోవాలా?

రాయగడ కెమిస్ట్రీ:

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలో రాయగడ. ఇక్కడే ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను, వయసు 31. పీహెచ్‌డీ చేయాలని ఎప్పట్నుంచో ఉంది గానీ పెళ్లీ, పాపా అయ్యాక ఇంక మన వల్ల కాదులే అని ఊరుకున్నాను. మా ఆయనే పట్టుబట్టి అప్లై చేయించారు. మజ్జిగౌరమ్మ దయవల్ల అమెరికాలో ఒక స్టేట్ యూనివర్సిటీ నుంచి ఆఫర్ వచ్చింది. ట్యూషన్ ఫీజు కట్టక్కర్లేదు, టీఏ, అంటే టీచింగ్ అసిస్టెంట్ పని చేసినందుకు స్టైపెండు ఇస్తారు. ఏప్రిల్ 15లోగా వస్తానో రానో చెప్పాలి.

ఇప్పుడు ఇంట్లో రోజూ ఇదే గోల. ఆయనది పేపర్ మిల్లులో పర్మనెంట్ ఉద్యోగం, అది మానేసి నాతో వస్తే అక్కడ ఎఫ్-2, అంటే విద్యార్థి వెంట వచ్చే కుటుంబానికిచ్చే వీసా మీద ఏ పనీ చేయకూడదట. అత్తయ్యగారేమో "పాపను నా దగ్గర వదిలెయ్యమ్మా, నువ్వెళ్లి చదువుకో, వాడి ఉద్యోగం వాడు చేసుకుంటాడు" అంటున్నారు, ఆవిడ మంచికే చెబుతున్నారు, అందులో నాకు అనుమానం లేదు. మా నాన్నగారు మాత్రం మొగుడు ఉద్యోగం మానుకుని పెళ్లాం వెనకాల వెళ్లడం ఎక్కడైనా ఉందా అని నా ముఖం మీదే అడిగారు. అదే నేను ఉద్యోగం మానుకుని ఆయన వెనకాల వెళ్తుంటే ఎదురొచ్చి మరీ సాగనంపేవారు, అది వేరే సంగతి.

పాపకు రెండేళ్లు దాటాయి. ఒక్క స్టైపెండుతో ముగ్గురం బతకగలమా? ఆయన అక్కడ ఇంట్లో కూర్చోవడం తప్ప ఇంకేమీ చేయలేరా? పేపర్ల టెన్షన్ ఇంకొకటి. మా పెళ్లి గుళ్లో అయింది, రిజిస్టర్ చేయించలేదు. పాప బర్త్ సర్టిఫికెట్‌లో నా పేరు పుట్టింటి ఇంటిపేరుతో ఉంది, నా ఆధార్‌లో అత్తింటి పేరుతో ఉంది. ఇలాంటివి దాటి వెళ్లినవాళ్లు చెప్పండి. దేవుడి మీద భారం వెయ్యమనే సలహాలు మాత్రం వద్దండీ, అవి ఇక్కడ కావాల్సినన్ని దొరుకుతున్నాయి.

బరంపురం నుంచి మిడ్‌వెస్ట్:

అక్కా, ముందు కంగ్రాట్స్. నేను బరంపురం వాణ్ణి, ఇక్కడ పీహెచ్‌డీలో ఉన్నాను, నా భార్యా బాబూ ఎఫ్-2 మీద నాతోనే ఉంటున్నారు. మీరు విన్నది నిజమే, ఎఫ్-2 వాళ్లు ఒక్క డాలర్ కూడా సంపాదించకూడదు. ఇండియా కంపెనీకి ఇక్కడ కూర్చుని ఆన్‌లైన్‌లో పనిచేస్తే ఎవరికీ తెలీదు, జీతం రూపాయల్లోనే కదా అని వాట్సాప్ గ్రూపుల్లో ధైర్యం చెప్పేవాళ్లుంటారు. వాళ్ల మాట మీద అడుగు వెయ్యొద్దు, రేపు తేడా వస్తే వీసా పోయేది మీది, వాళ్లది కాదు. చదువుకోవడానికైతే దారి ఉంది, 2015 నుంచి ఎఫ్-2 వాళ్లు పార్ట్‌టైమ్‌గా కోర్సులు చేయొచ్చు. ఫుల్‌టైమ్ చదవాలంటే మాత్రం ఆయన సొంతంగా విద్యార్థి వీసా ఎఫ్-1కి మారాలి.

ఇంకో దారి ఉంది, చాలామంది అడగరు. మీకు డబ్బు యూనివర్సిటీయే ఇస్తోంది కాబట్టి ఎఫ్-1 బదులు ఎక్స్‌ఛేంజ్ విజిటర్ వీసా జె-1 ఇస్తారా అని అక్కడి ఇంటర్నేషనల్ ఆఫీసుకి మెయిల్ పెట్టండి. జె-1 ఇస్తే మీ ఆయనకు జె-2 వస్తుంది, జె-2 వాళ్లు ఇక్కడికొచ్చాక వర్క్ పర్మిట్‌కి అప్లై చేసుకోవచ్చు. చేతికి రావడానికి నెలలు పడుతుంది, కానీ వచ్చాక ఎక్కడైనా పనిచేయొచ్చు. షరతు ఏంటంటే ఆ సంపాదన మీ ఖర్చులకు ఆధారం అని చూపించకూడదు. జె-1 అంటే చదువయ్యాక రెండేళ్లు ఇండియాకి తిరిగెళ్లాలి కదా అని భయపెడతారు. ఆ రూల్ అందరికీ ఉండదు. మనవాళ్లలో చాలామందికి అది స్కిల్స్ లిస్టు, అంటే ఏ దేశానికి ఏ నైపుణ్యాలు కావాలో అమెరికా పెట్టిన జాబితా వల్ల పడేది, 2024 డిసెంబర్‌లో ఆ లిస్టులోంచి ఇండియాను తీసేశారు. ప్రభుత్వం డబ్బుతో వెళ్లేవాళ్లకు మాత్రం ఇంకా పడుతుంది. ఇటువైపు నష్టం కూడా చెప్పాలి, ఎఫ్-1 వాళ్లకు సైన్స్ డిగ్రీ మీద ఓపీటీ, అంటే చదువయ్యాక పనిచేసే అనుమతి 12 నెలలు, దానిపైన మరో 24 నెలలు దొరుకుతుంది, జె-1 వాళ్లకు పీహెచ్‌డీ తర్వాత అకడమిక్ ట్రైనింగ్ 36 నెలల వరకు ఉంటుంది గానీ దాని నియమాలు వేరు. మీరు తర్వాత పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ తర్వాతి రీసెర్చ్ చేస్తారా, కంపెనీలోకి వెళ్తారా అన్నదాన్ని బట్టి చూసుకోండి.

ఇక డబ్బు సంగతి. ఆఫర్ లెటర్లో స్టైపెండు 9 నెలలకా 12 నెలలకా అన్నది ముందు చూడండి. 9 నెలలకైతే వేసవిలో ఏం చేస్తారో గైడ్‌ని ఇప్పుడే అడగండి, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, ఇక్కడ అందరూ అడుగుతారు. రెండోది హెల్త్ ఇన్సూరెన్స్. మీది యూనివర్సిటీ కట్టవచ్చు, మొగుడికీ పాపకీ కూడా కడుతుందా అంటే చాలాచోట్ల కట్టదు, మా ఇంట్లో అద్దె తర్వాత పెద్ద ఖర్చు అదే. మూడోది డే కేర్. రెండేళ్ల పిల్లకి నెలకు వెయ్యి డాలర్లు దాటడం ఇక్కడ మామూలు సంగతి. అందుకే మీ ఆయన పని చేయకుండా ఇంట్లో ఉంటే దండగ అనుకోకండి, ఆ డే కేర్ డబ్బు ఆయన సంపాదించినట్టే లెక్క. పాపకు అయిదేళ్లొచ్చాక గవర్నమెంట్ బళ్లో కిండర్‌గార్టెన్ ఫ్రీ, ఎఫ్-2 పిల్లలు కూడా నిక్షేపంగా చేరొచ్చు.

ఆఫర్‌కి ఒప్పుకున్న రోజే ఫ్యామిలీ హౌసింగ్‌కి అప్లికేషన్ పెట్టేయండి. అన్ని క్యాంపస్‌లలో ఉండదు, ఉన్నచోట వెయిటింగ్ లిస్టు పొడుగ్గా ఉంటుంది.

గుణుపురం అమ్మమ్మ:

అమ్మా, నేను రిటైరైన టీచర్ని, మా మనవరాలికి ఈ సంగతి చదివి వినిపించమని ఫోన్ ఇస్తే సగం తనే టైపు చేసి పెడుతోంది. మీ అత్తగారు పాపను పెంచుతానన్నారంటే ఆవిడ మనసు గొప్పది. కానీ నేను అదే పని చేసినదాన్ని కాబట్టి ఒక మాట చెబుతాను. మా అమ్మాయీ అల్లుడూ చదువులకని వెళ్తూ ఏడాదిన్నర పిల్లని నా దగ్గర ఉంచారు. పిల్లకి ఏ లోటూ రాలేదు, బాగా తిన్నది, బాగా పెరిగింది, నాకూ పొద్దు తెలిసేది కాదు. వాళ్లు సెలవులకు వచ్చేసరికి అది నన్ను అమ్మా అంటోంది, వాళ్లమ్మని నేను పిలిచినట్టే "చిట్టీ" అని పేరు పెట్టి పిలుస్తోంది. అందరూ నవ్వారు. మా అమ్మాయి కూడా నవ్వింది, ఆ రాత్రి వంటింట్లో గిన్నెలు తోముతూ ఏడ్చింది. తర్వాత తీసుకెళ్లారు, అక్కడికెళ్లాక పిల్ల నా కోసం బెంగపెట్టుకుని చాలా రోజులు అన్నం సరిగ్గా తినలేదట. ఇప్పుడు బాగానే ఉంది, పెద్దదైంది, నాకే ఇంగ్లీషు తప్పులు దిద్దుతోంది.

కొన్ని నెలలంటే ఫర్వాలేదు. తండ్రి దగ్గరుంటే అసలు ఇబ్బందే లేదు. చదువయ్యేదాకా అయిదేళ్లంటే మాత్రం వద్దు తల్లీ. మీ అత్తగారిని విజిటర్ వీసా మీద రప్పించుకోండి, ఒకసారి వస్తే ఆరు నెలల వరకు ఉండనిస్తారు, ఆవిడకీ సరదా తీరుతుంది.

బల్లార్షా వాడు:

మేడమ్, నేను మీకు కాదు, మీ ఆయనకు రాస్తున్నాను, ఆయన చేత చదివించండి. మాది మహారాష్ట్ర బల్లార్షా, చంద్రపూర్ జిల్లా, ఇంట్లో తెలుగు, బయట మరాఠీ. నా భార్యకు జర్మనీలో పీహెచ్‌డీ వస్తే బొగ్గు గనుల దగ్గర ఉన్న ఉద్యోగం మానేసి బాబుతో సహా వచ్చినవాణ్ణి. సార్, మీ మామగారు అన్నమాట మా ఇంట్లో కూడా అన్నారు, మరాఠీలో అన్నారు అంతే తేడా.

ఇక్కడ పీహెచ్‌డీ అంటే చాలాచోట్ల ఉద్యోగమే, కాంట్రాక్టు ఉంటుంది, జీతం ఉంటుంది, ఫుల్ పోస్టు కాకుండా 65 శాతం అలా ఇస్తారు. వచ్చినవాళ్ల భర్త గానీ భార్య గానీ పని చేసుకోవచ్చు, ఆ ఒక్క విషయంలో అమెరికా కంటే నయం. మాస్టర్స్‌కి వచ్చేవాళ్ల సంగతి వేరు, వాళ్లు బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే నెలకింత మాత్రమే తీసుకోనిచ్చే ఖాతాలో, ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి, భార్యాభర్తల్లో రెండోవాళ్లకు మామూలుగా ఏ1, అంటే మొదటి మెట్టు జర్మన్ సర్టిఫికెట్ కూడా అడుగుతారు.

బాబును కిటా అంటే ఇక్కడి బాలవాడీలో వేయడానికి సీటు కోసం మేము పడిన తిప్పలు చెబితే భారతం. ఏడాది నిండిన ప్రతి పిల్లకీ సీటు హక్కు అని 2013 నుంచి చట్టంలో ఉంది, కానీ ఊళ్లో సీట్లుంటే కదా. దొరికాక ఇంకో తమాషా, పిల్లని గేటు దగ్గర దింపేసి రావడం కుదరదు. మొదట్లో తల్లో తండ్రో లోపలే కూర్చోవాలి, పది నిమిషాలు బయటికెళ్లి రమ్మంటారు, రెండ్రోజులకు అరగంట, అలా పెంచుకుంటూ పోవాలి. మా ఆవిడకి ల్యాబ్, కాబట్టి ఆ పిల్లల కుర్చీలో మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నది నేను. అక్కడ కూర్చునే నాకు జర్మన్‌లో బూట్లు, టోపీ, చెయ్యి కడుక్కో, ఏడవకు అనే మాటలొచ్చాయి, క్లాసుకు వెళ్లి నేర్చుకున్న వ్యాకరణం తర్వాత సంగతి. ఇంకా తట్టు టీకా వేసినట్టు కాగితం లేకపోతే కిటాలో చేర్చుకోరు, 2020 నుంచి అది చట్టం.

సార్, అసలు సంగతి ఇది. పని లేకపోవడం కంటే "మీరేం చేస్తుంటారు" అనే ప్రశ్న ఎక్కువ కష్టం. ఊరి నుంచి ఫోన్ చేసినవాళ్లందరూ అదే అడుగుతారు. మీకు దానికి సమాధానం లేకపోతే ఆ చిరాకు ఇంట్లో కూర మీదా పిల్ల మీదా పడుతుంది. రాకముందే ఒక కోర్సో, పరీక్షో, ఏదో ఒకటి పెట్టుకుని రండి. మిల్లులో జీతం లేని సెలవు ఇస్తారేమో కనుక్కోండి, ఇస్తే రాజీనామా ఇప్పుడే రాయకండి.

రాజురా:

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు, మాది మహారాష్ట్రలో రాజురా, నాదీ ఇలాంటి సంగతే. యూకేలో ఒక ఏడాది మాస్టర్స్ సీటు వచ్చింది. ఏజెంటు భార్యనీ బాబునీ కూడా తీసుకెళ్లొచ్చు అంటున్నాడు. పొలం సాత్‌బారా, అంటే భూమి రికార్డు కాగితం పెట్టి లోన్ తీసుకుందామని చూస్తున్నా. తెలంగాణ గవర్నమెంటు విదేశీ స్కాలర్‌షిప్ మనకి వస్తుందా?

బరంపురం నుంచి మిడ్‌వెస్ట్:

రాజురా అన్నా, ఆ ఏజెంటుకి ఒక దణ్ణం పెట్టి వచ్చేయండి. 2024 జనవరి నుంచి యూకేలో మామూలు మాస్టర్స్‌కి వెళ్లేవాళ్లు భార్యాపిల్లల్ని తీసుకెళ్లడానికి లేదు, పీహెచ్‌డీకీ, రీసెర్చ్ మాస్టర్స్‌కీ మాత్రమే. కెనడాలో కూడా 2025 జనవరి నుంచి బిగించారు, 16 నెలలు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్న మాస్టర్స్, పీహెచ్‌డీ, ఇంకొన్ని ప్రొఫెషనల్ కోర్సుల వాళ్ల భార్యకో భర్తకో మాత్రమే వర్క్ పర్మిట్.

వ్యవసాయ భూమిని చదువు లోనుకి బ్యాంకులు సాధారణంగా తాకట్టు పెట్టుకోవు, ఇల్లో, ప్లాటో, ఎఫ్‌డీయో అడుగుతాయి. ఏడున్నర లక్షల లోపైతే తాకట్టు లేకుండా ఇచ్చే పద్ధతి ఉంది. తెలంగాణ స్కీము తెలంగాణలో ఉండేవాళ్లకు, తెలుగు మాట్లాడితే చాలదు. మీరు ఎస్సీ అయితే మహారాష్ట్రదే రాజర్షి శాహూ మహరాజ్ పేరుతో విదేశీ స్కాలర్‌షిప్ ఉంది, కేంద్రానిది నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది, కేంద్రం దానికి కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు దాటకూడదు. కుల సర్టిఫికెట్ మాత్రం జాగ్రత్త. ఒకే కులం ఒక రాష్ట్రం జాబితాలో ఉండి పక్క రాష్ట్రం జాబితాలో లేకపోవడం మన సరిహద్దు ఊళ్లలో రోజూ చూసేదే.

పర్లాకిమిడి జిరాక్స్ సెంటర్:

రాయగడ మేడమ్‌గారు, పేపర్ల సంగతి నేను చెబుతాను, నా షాపులో పొద్దున్నుంచి రాత్రిదాకా ఇదే పని. ముందు పెళ్లి రిజిస్టర్ చేయించండి. గుళ్లో అయినా ఇబ్బంది లేదు, శుభలేఖ, పెళ్లి ఫొటో, ఇద్దరి వయసు రుజువులు, సాక్షులు పట్టుకుని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లాలి, ఇంకేం కావాలో అక్కడ ముందే అడగండి. ఆ సర్టిఫికెట్ లేకుండా మీ ఆయన మీ మీద ఆధారపడ్డవాడని రుజువు చేయడం చాలా కష్టం.

తర్వాత పాప బర్త్ సర్టిఫికెట్. మీ పాస్‌పోర్టూ మార్కుల షీట్లూ ఏ పేరుతో ఉన్నాయి? పుట్టింటి ఇంటిపేరుతోనే ఉంటే బర్త్ సర్టిఫికెట్‌ని ముట్టుకోకండి, అన్నీ ఒకటే చెబుతున్నాయి కదా. సరిచేయాల్సింది ఆధార్. జనాలు అత్తింటి పేరు పెట్టాలనే తొందరలో బాగున్న కాగితం మార్చి, ఆ తర్వాత డిగ్రీ సర్టిఫికెట్ల దగ్గర ఇరుక్కుంటారు. పెళ్లయ్యాక పేరు మార్చుకోవాలనే చట్టం లేదు. ఇంకోటి, ఒడియాలో రాసిన పేరు ఇంగ్లీషులోకి వచ్చేసరికి మన "వ" కాస్తా "బ" అవుతుంది, వెంకట్ కాస్తా బెంకట్ అవుతాడు, తండ్రి పేరులో అలాంటిది ఉందేమో అక్షరం అక్షరం చూడండి. మన ఇంటిపేరు ముందు రాస్తాం, ఇక్కడి ఆఫీసుల్లో చివర రాసేస్తారు, పాస్‌పోర్టు ఫారంలో ఏది సర్‌నేమ్ గడిలో పెట్టారో ముగ్గురికీ ఒకేలా ఉండాలి.

పాప 2023 అక్టోబర్ 1న గానీ తర్వాత గానీ పుట్టి ఉంటే పాస్‌పోర్టుకి పుట్టిన తేదీ రుజువు బర్త్ సర్టిఫికెట్ ఒక్కటే, ఇంకేదీ చెల్లదు. మైనర్ కాబట్టి తల్లిదండ్రులిద్దరూ అనెక్సర్ డి అనే సమ్మతి పత్రం మీద సంతకం పెట్టాలి. అమెరికా వీసాకి మన ఒడిశా వాళ్లం హైదరాబాద్ కాన్సులేట్ కిందికి వస్తాం, అది అదృష్టం, జర్మనీకైతే కోల్‌కతా పోవాలి. 2025 సెప్టెంబర్ నుంచి చిన్నపిల్లలు కూడా ఇంటర్వ్యూకి వెళ్లాలంటున్నారు, కాబట్టి పాపని కూడా తీసుకెళ్లేలా టిక్కెట్లు చూసుకోండి.

రాయగడ కెమిస్ట్రీ:

అందరికీ చాలా థ్యాంక్స్ అండీ. నా పాస్‌పోర్టు, సర్టిఫికెట్లు అన్నీ పుట్టింటి పేరుతోనే ఉన్నాయి, బర్త్ సర్టిఫికెట్ మార్పించడానికి మున్సిపాలిటీకి వెళ్దామని బయల్దేరుతున్న టైములో పర్లాకిమిడి వారి మాట చూసి ఆగాం. ఇంటర్నేషనల్ ఆఫీసుకి జె-1 గురించి మెయిల్ పెట్టాను. స్టైపెండు 9 నెలలకేనట, మొదటి వేసవికి మాత్రం డిపార్ట్‌మెంట్ ఇస్తామని రాసింది, ఆ మాట లెటర్లో చేర్చమని అడిగాను.

బల్లార్షా అన్నయ్యగారిది ఆయన చేత చదివించాను. ఏమీ మాట్లాడలేదు, సాయంత్రం మిల్లు నుంచి వస్తూ జీతం లేని సెలవు ఫారం తెచ్చారు. నేను ఆగస్టులో వెళ్లి ఇల్లూ అదీ చూసుకుని, ఆయనా పాపా డిసెంబర్‌లో రావాలని అనుకుంటున్నాం. అన్ని వీసాలూ ఒకేసారి తీసుకోవచ్చా, లేక వాళ్లవి తర్వాతా? అత్తయ్యగారు ఆ నాలుగు నెలలూ పాపని తనే చూస్తానన్నారు, గుణుపురం అమ్మగారి మాట వినిపిస్తే కాసేపు మౌనంగా ఉండి, అయితే నా పాస్‌పోర్టు కూడా చేయించండి అన్నారు.

బరంపురం నుంచి మిడ్‌వెస్ట్:

ఒకేసారి తీసుకోండి అక్కా. ఒప్పుకునేటప్పుడే ముగ్గురికీ కాగితాలు కావాలని రాయండి, వీసాకి యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 అనే కాగితం ఒక్కొక్కరికీ విడిగా వస్తుంది, జె-1 అయితే డీఎస్-2019. మొగుడికీ పాపకీ ఇంత చొప్పున అదనంగా డబ్బు చూపించమంటారు, ఆ మొత్తం యూనివర్సిటీని బట్టి ఉంటుంది. సెవిస్, అంటే విదేశీ విద్యార్థుల రికార్డులు ఉంచే అమెరికా సిస్టమ్ ఫీజు మీ ఒక్కరికే, ఎఫ్-1కి 350 డాలర్లు, వీసా ఫీజు 185 డాలర్లు మాత్రం తలా ఒకటి. వీసా చేతిలో ఉంటే వాళ్లు తర్వాత రావొచ్చు, మీకంటే ముందు మాత్రం రాకూడదు. ఆయనొక్కడే పాపతో ప్రయాణం చేస్తారు కాబట్టి మీరు సంతకం చేసిన అనుమతి ఉత్తరం ఒకటి, పాప బర్త్ సర్టిఫికెట్ ఒరిజినల్ ఒకటి సంచిలో పైనే పెట్టుకోమనండి, చెక్-ఇన్ పెట్టెలో కాదు.

ఇంకొకటి, టీకాల కార్డు. పాపకు అంగన్‌వాడీలో వేయించి ఉంటే అది ఎంఆర్, అంటే తట్టూ రుబెల్లా మాత్రమే, గవదబిళ్లల టీకా అందులో ఉండదు. ఆటలమ్మ టీకా కూడా గవర్నమెంటు జాబితాలో లేదు. ఇక్కడ డే కేర్ అయినా బడి అయినా ఎంఎంఆర్, ఆటలమ్మ రెండూ అడుగుతారు. పిల్లల డాక్టర్ దగ్గర ఇప్పుడే వేయించేయండి. ఎంఎంఆర్ రెండు డోసులకీ మధ్య కనీసం నాలుగు వారాలు, ఆటలమ్మకి ఈ వయసులో మూడు నెలలు ఎడం కావాలి, కాబట్టి డిసెంబర్ అంటే మరీ అంత టైమేమీ లేదు. కార్డు ఒడియాలో ఉంటే డాక్టర్ చేత ఇంగ్లీషులో తేదీలతో లెటర్‌హెడ్ మీద రాయించి స్టాంపు వేయించండి.